దీవిలో మా బస మార్చిన ఆవిడ

దెయ్యాల సంగతులు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వేరే పని చూసుకునేదాన్ని. గుడివాడలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం నాది. కంటికి కనిపించిందే రాయాలి, కనిపించనిది రాయకూడదు. ఇప్పటికీ నా స్వభావం అదే. కానీ తొంభైల చివర్లో, దసరా సెలవులకు దీవికి వెళ్ళినప్పుడు జరిగింది మాత్రం నా బుర్రలో ఎక్కడా ఇమడటం లేదు.

ఆ ప్రయాణానికి ప్లాను వేసింది బందరులో ఉండే మా బావగారు. రొయ్యల వ్యాపారం ఆయనది. నాగాయలంక దాటాక కృష్ణ పాయల మధ్య ఉన్న ఒక దీవిలో ఆయనకు సరుకు ఇచ్చే వెంకన్న అనే జాలరి ఉన్నాడు. అక్కా బావగారూ, మా వారూ నేనూ, నాలుగేళ్ళ మా పాప. ఇంతే మేం.

అన్నీ ఫోన్లోనే మాట్లాడుకున్నాం. వెళ్ళిన రోజు మడ అడవుల్లో పడవ షికారు, రాత్రికి పీతల కూర, మర్నాడు కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానాలు, తిరుగు దారిలో మోపిదేవి గుడి. బస దగ్గరే కాస్త తర్జనభర్జన అయింది. దీవిలో హోటళ్ళు లేవు. ఉంటే ఏటి ఒడ్డున వెంకన్న పెంకుటింట్లో ఉండాలి, లేదా ఊరి మధ్య తుఫాను షెల్టరులో.

"షెల్టరులో పడుకోవడానికి అంతదూరం ఎందుకమ్మా? కిటికీ తీస్తే ఏరు కనబడాలి," అన్నారు బావగారు. పెంకుటిల్లే ఖాయం చేశాం.

బయలుదేరిన రోజు పొద్దున బస్సులో పాపకు చెవి పోటు మొదలైంది. అంతకుముందు ఏమీ లేదు. అవనిగడ్డలో చుక్కల మందు కొని వేశాను. ఏరు దాటించే పంటు ఎక్కి దీవిలో దిగేసరికి మధ్యాహ్నమైంది.

వెంకన్న భార్య నాంచారమ్మ ఎదురొచ్చింది. ఆవిడను నేను అదే మొదటిసారి చూడటం. తిన్నగా నా దగ్గరికే వచ్చి, "వచ్చేశారామ్మా! మీరు చెప్పినట్టే షెల్టరు పైగది కడిగించి ఉంచానండి," అంది.

"నేనెప్పుడు చెప్పాను?"

"నిన్న మధ్యాహ్నం వచ్చారు కదమ్మా. ఒడ్డు మీద ఇల్లు వద్దు, పాపకి చెవి పోటుగా ఉంది, గాలి తగలకూడదు, పైగది కావాలన్నారు. మర్చిపోయారా?"

నిన్న మధ్యాహ్నం నేను ల్యాబులో ఉన్నాను. ఇంకెవర్నో చూసి పొరబడ్డావని మా వారు నవ్వేశారు.

"ఈ అమ్మేనండి. ఈ కళ్ళజోడేనండి," అంది ఆవిడ.

మనిషిని పోలిన మనిషి ఉండొచ్చు. కానీ ఆ పొద్దునే మొదలైన చెవి పోటు సంగతి నిన్న ఎవరికి తెలుస్తుంది?

బావగారు అదేమీ పట్టించుకోకుండా సామాన్లు పెంకుటింట్లో దింపించారు. నేను పాపను ఎత్తుకుని దారిలోనే నిలబడిపోయాను.

"మీరు ఎక్కడైనా ఉండండి బావగారూ. నా పిల్లని మాత్రం ఆ గడప తొక్కనివ్వను," అన్నాను. ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదలు. అక్క నా వైపు వచ్చేసింది. ఆయన కూడా సణుక్కుంటూ షెల్టరుకు నడిచారు. సామాన్లు తర్వాత తెచ్చుకోవచ్చని అక్కడే వదిలేశారు. పడవ షికారు ఊసు ఎవరూ ఎత్తలేదు.

దీపాలు పెట్టే వేళ, ఏటివైపు నుంచి లారీలో కంకర దింపినట్టు పెద్ద చప్పుడైంది. పరిగెత్తి వెళ్ళాం. ఆ ఏడు వచ్చిన వరదకు లోపల గుల్లైపోయిన గట్టు విరిగిపడింది. పెంకుటిల్లు ముందుగది లేదు. వెంకన్నా నాంచారమ్మా వెనక వంటింట్లో ఉండి బయటపడ్డారు. మా సామాన్లు లేవు. పాపను పడుకోబెట్టాల్సిన మంచం ఏట్లో తేలుతూ దూరంగా పోతోంది. బావగారు మట్టిలోనే చతికిలబడ్డారు.

మర్నాడు పంటు నడిపే అతన్ని అడిగాను. మొన్న నాలాంటి ఆవిడ ఎవరూ ఎక్కినట్టు గుర్తులేదన్నాడు. రేవుదాకా వచ్చిన నాంచారమ్మను పక్కకు పిలిచి, ఆ వచ్చినావిడ ఇంకేమైనా అందా అని అడిగాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. అది నేను కాదని అప్పటికి నమ్మినట్టుంది.

"చెప్పకూడదనుకున్నానమ్మా. పాపని వెంట తీసుకురాలేదేంటమ్మా అన్నాను. ఆవిడ ఏటివైపు చూసి ఏడ్చింది. ఎంతకీ ఆపలేదమ్మా."

ఆవిడ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఆలోచన ఒకచోటికి రాగానే ఆపేసి, లేచి, మా అమ్మాయి ఏ గదిలో ఉందో ఒకసారి చూసుకుని వస్తాను.