పార్కులో పసుపు పంట

నిన్న హైదరాబాదులో ఒక పార్కు ముందు అచ్చం పసుపు ఆకుల్లాంటి మెట్టతామర ఆకులు చూసి, మన కాలనీ పార్కు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఆర్మూర్‌లో తొంభైల్లో పెరిగినవాళ్లూ, ఆ పసుపు మళ్లు మీకూ గుర్తున్నాయా?

పార్కు కట్టినప్పుడు కాలనీవాళ్లు తలా ఒకటి ఇచ్చారు. బట్టల షాపాయన సిమెంటు బల్ల వేయించాడు, కిరాణా ఆయన ఊయల పెట్టించాడు. పూల మొక్కలు ఇస్తానన్న మా పక్కింటి రాజన్న కాక మాత్రం పసుపు విత్తనం బస్తా దింపాడు.

"పూలేవి రాజన్నా?" అని నాన్న అడిగాడు.

"పూలు రాలిపోతయ్. గిదైతే కూరలల్లకన్న పనికొస్తది."

పూల మళ్లల్లో అదే నాటి, ఆదివారాలు కాలనీవాళ్లే కలుపు తీసి నీళ్లు పెట్టారు. దసరాకల్లా ఆకులు నా భుజాల దాకా పెరిగాయి. కాన్వెంటు పిల్లనని, ఎదురైన ప్రతివారూ "జర ఇంగ్లీషుల మాట్లాడు బిడ్డా" అని నన్ను నిలబెట్టేవారు. ఆ ఆకుల వెనక కూర్చుంటే ఎవరికీ కనబడకుండా కథల పుస్తకం చదువుకునేదాన్ని. పేజీలన్నీ పచ్చి పసుపు వాసన కొట్టేవి.

చలికాలంలో ఆకులు ఎండాయి. కాక కొడవలి పట్టుకుని వచ్చాడు. నేను అడిగాను.

"కాకా, ఒక్క సాలు ఉంచవా?"

"ఎందుకు బిడ్డా?"

"దాక్కునేటందుకు."

ఆయన నవ్వలేదు. చివరి వరస ఒక్కటి వదిలేసి మిగతాదంతా కోశాడు. ఆ ఎండుటాకుల వెనక నేను మొత్తం కనిపిస్తూనే ఉన్నాను. అయినా కాక గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివారికీ పార్కంతా వినబడేలా చెప్పాడు.

"అటు దిక్కు చూడకుండ్రి. మా బిడ్డ దాక్కున్నది."