బ్రేకుల్లేని వ్యాన్‌లో అత్తమ్మ

మందమర్రి బొగ్గుబాయిల పని చేసి రిటైరైనంక, హుజూరాబాద్‌ల మా ఇంటి ముందట ముప్పై ఏండ్ల పాత వ్యాన్‌ను బాగుచేయబట్టిన. ఒకనాడు బ్రేకులు విప్పి, చక్రాల కింద రాళ్లు పెట్టి, చాయ్ తాగుదామని లోపలికి పోయిన. నీడ ఉందని మా అత్తమ్మ వ్యాన్‌ల కూసొని చింతపండు గింజలు తీస్తాంది. అది చూడక, వాకిలి ఊడుస్తున్న నా భార్య ఆ రాళ్లు తీసి పక్కన పెట్టింది.

వ్యాన్ వాలు మీద కదిలింది. నా భార్య కేక విని నేను బయటికొచ్చి వెంట ఉరికిన, కాని అందలే. చివరికి పక్కింటోళ్లు ఇల్లు కట్టనీకి పోసుకున్న ఇసుక కుప్పల దిగబడి ఆగింది. తలుపు తీసిన.

"అత్తమ్మా, ఏమన్న తాకిందా?"

"ఏం తాకలే అల్లుడా. బండి మంచిగ నడుస్తాంది. సప్పుడే లేదు."

నా బండిని మెచ్చుకున్నది ఇప్పటిదాక ఆమె ఒక్కతే. అప్పటికి అందుల ఇంజనే లేదని ఆమెకు నేను చెప్పలే.