నేల మీద ఫిడేలు

ఫిబ్రవరి మొదటి వారం. అమెరికాలో, రెడ్‌మండ్‌లో నా రూమ్మేట్ "సముద్రం ఒడ్డున ఏదో ఊళ్లో ఐరిష్ వాళ్ల పండగట, వస్తావా?" అంది. ఆ శనివారం లాండ్రీ తప్పించుకోవచ్చని కారెక్కాను. మూడు గంటల డ్రైవ్, దారంతా వాన.

చలికాలం సగం గడిచి వసంతం వైపు మళ్లే రోజుల్లో ఐర్లాండ్, స్కాట్లాండ్ మూలాలున్న ఆ ఊరివాళ్లు ఏటా ఆటపాటలతో, చేతిపనులతో ఈ పండగ చేసుకుంటారు. కమ్యూనిటీ హాల్లో ఒక మూల రెల్లుగడ్డితో శిలువలు అల్లుతున్నారు. ఇంకో మూల ఫిడేలు క్లాసు. వాయిద్యం లేనివాళ్లకి వాళ్లే ఇస్తారట.

నేను చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఇంజనీరింగ్‌లో చేరాక పెట్టె మూశాను, మళ్లీ తెరవలేదు. ఏమనిపించిందో, వెళ్లి పేరు రాయించాను.

నేర్పే ఆవిడకి డెబ్బై దాటాయి. జనాన్నీ కార్లనీ నీళ్లు దాటించే ఫెర్రీలో పనిచేసి రిటైరయ్యారు. ఎడమచేతి చిటికెన వేలు వంగదు.

అందరూ నిలబడి, ఫిడేలు గడ్డం కింద పెట్టుకున్నారు. నేనూ పెట్టాను. పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది.

"సారీ, మేం నేల మీద కూర్చుని వాయిస్తాం," అంటూ ఫిడేలు తిరిగి ఇవ్వబోయాను.

"అయితే కూర్చో," అన్నారావిడ.

కూర్చుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించాను. ఆవిడ కుర్చీ పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుంటే, నెమ్మదిగా నా పక్కనే నేల మీద చతికిలబడ్డారు. "నీ వేళ్లు ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తాయి," అన్నారు.

స్వరాలు రాసిన కాగితాల్లేవు. ఆవిడ ఒక ముక్క వాయిస్తే మేం విని అప్పజెప్పాలి. చిన్నప్పుడు మా టీచర్‌గారింట్లోనూ అంతే. తీగల శ్రుతి వేరైనా చెవి సర్దుకుంది. మూడోసారి వాయిస్తుంటే పాత అలవాటు కొద్దీ నా వేలు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారిపోయింది.

"ఆగు. ఏంటది?"

"గమకం అంటాం. పొరపాటున వచ్చేసింది."

"పొరపాటని ఎవరన్నారు? నాకు నేర్పు."

నేర్పాను. ఆవిడకి రాలేదు. శిష్యులందరి ముందూ పదిసార్లు తప్పుగా వాయించి, ప్రతిసారీ పడిపడి నవ్వి, మళ్లీ మొదలుపెట్టారు. ఆ వయసులో, తన సొంత విద్యలో, అంత తేలిగ్గా విద్యార్థి అయిపోయిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మధ్యాహ్నం పిల్లల డాన్సుకి వాయించడానికి స్టేజి మీద ఆవిడ తన కుర్చీ పక్కన దుప్పటి మడతపెట్టించి నన్ను కూర్చోబెట్టారు. రెండుచోట్ల తప్పాను. పిల్లల అడుగుల దరువు చెక్కనేలలోంచి నా మోకాళ్లలోకి ఎక్కుతుంటే, ఆపాలనిపించలేదు.

తిరిగొస్తూ రూమ్మేట్, "నీకు వయొలిన్ వచ్చని ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది.

"మానేశాను కదా, చెప్పడానికేముంది?" అన్నాను. అంటుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది.

సోమవారం ఆఫీస్ నుంచి వస్తూ ఒక వయొలిన్ అద్దెకి తెచ్చుకున్నాను. మన శ్రుతికి మారుస్తుంటే ఒక తీగ తెగింది. మిగిలినవాటి మీదే సరళీ స్వరాలు మొదలుపెట్టాను.