నీళ్ళు పడ్డాయి

పోయిన వారం గుంటూరులో చేపల మేత కొనడానికి వెళ్ళాను. ఈ వయసులో చేపలేమిటని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. మా హాల్లో ఒక పక్కన గాజుతొట్టి ఉంది, అందులో చేపలున్నాయి, వాటికి పూటపూటా ఆకలేస్తుంది, అంతే. కొట్లో నాకంటే ముందు ఒక కుర్రజంట నిలబడి ఉంది. వాళ్ళు పసుపురంగు ఆఫ్రికా చేపలు కొన్నారు. కొట్టతను చేపల కవరుతో పాటు ఒక తెల్లపొడి డబ్బా కూడా అంటగడుతున్నాడు. "ఇంట్లో ఫిల్టరు నీళ్ళు వీటికి పడవు మేడమ్, మరీ తేలిక నీళ్ళు. ఈ పౌడరు కలిపారనుకోండి, నీళ్ళు గట్టిపడతాయి" అన్నాడు. ఆ అమ్మాయి బుద్ధిగా తలూపి డబ్బా సంచిలో వేసుకుంది. నాకు నవ్వాగలేదు. "ఏంటాంటీ?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ పొడి కలిపితే వచ్చేలాంటి నీళ్ళు మా అత్తగారింట్లో బోరులోంచి ఊరికే వచ్చేవనీ, వాటిని తిట్టకుండా ఆ ఇంట్లో పొద్దు గడిచేది కాదనీ కొట్లో నిలబడి చెప్పేది కాదు కదా. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మా పుట్టిల్లు తెనాలి పక్కన, కాలవగట్టు మీద ఊరు. నీళ్ళంటే కాలవలో పారేవి, తాగితే తియ్యగా ఉండేవి, అంతకుమించి వాటి గురించి ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. తొంభైల చివర్లో పెళ్ళి చేసుకుని వినుకొండ దాటాక ఒక మెట్టూరికి కాపురానికి వచ్చాను. పత్తి, మిరప తప్ప వేరే మాట వినపడని ఊరు. ఇంటి వెనక వేపచెట్టు కింద మామగారు వేయించిన బోరు. మా వైపు బోరు వేస్తుంటే చుట్టూ చేరినవాళ్ళు "నీళ్ళు పడ్డాయా?" అని అడుగుతారు. కొత్త ఊరెళ్ళిన మనిషి నీరసంగా కనిపిస్తే "అక్కడి నీళ్ళు పడలేదా?" అనీ అడుగుతారు. మాట ఒకటే. మా మామగారి బోరులో నీళ్ళు పుష్కలంగా పడ్డాయి, ఇంట్లో ఒక్కరికీ పడలేదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. తలంటుకుంటే జుట్టు జనపనారలా అయిపోయేది. కాగు లోపల తెల్లగా పెళ్ళలు కట్టేది. కాఫీ కలిపితే పాలు ఒక్కోసారి విరిగేవి. అన్నిటికంటే పెద్ద నేరం, పప్పు ఉడికేది కాదు. వంటకీ తాగడానికీ ఊరి చివర మంచినీళ్ళ దిగుడుబావి నుంచి తెచ్చుకునేవాళ్ళం. అవి నిండుకున్న రోజున అత్తగారు బోరు నీళ్ళతోనే ఎసరు పెట్టి, సోడా ఉప్పు వేసి, గింజ పట్టి చూసి, పెరట్లో ఉన్న మామగారికి వినపడేట్టు అనేది: "నీళ్ళున్నచోట చేతిలో కొబ్బరికాయ నిలబడిందని చెప్పి బోరేయించాడమ్మా మీ మావయ్య. కొబ్బరికాయ నిలబడింది గానీ, పప్పే ఉడకలేదు." మామగారు తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయేవాడు.

మా నాన్నకి చేపల పిచ్చి. ఆ పిచ్చి నాకూ అంటింది. ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు, అందరూ చీరలూ స్వీట్లూ తెచ్చుకుంటే, నేను బస్సులో ఒళ్ళో ఒక గాజుతొట్టి పెట్టుకుని, పక్కసీటులో ఏంజెల్ చేపల కవరు పెట్టుకుని వచ్చాను. వెండిరంగు ఒంటి మీద నల్లచారలు, తెరచాపల్లాంటి రెక్కలు. ఇంటికొచ్చిన ఉత్సాహంలో బోరు నీళ్ళు నింపి వాటిని వదిలేశాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. మర్నాటికి అవి పక్కకి వాలాయి, ఆ మర్నాటికి అన్నీ పైకి తేలాయి. నేను ఏడ్చాను. చిన్నపిల్లనేమీ కాదు గానీ, పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి కదా, ఏడుపు వచ్చింది. మామగారు తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు. చెరువులో చేపలు చూసిన మనిషే గానీ, తన బోరు నీళ్ళల్లో చచ్చిన చేపలని చూడటం అదే మొదలు. "నీళ్ళేనా అమ్మాయ్?" అన్నాడు. నేను అబద్ధం ఆడి ఉండొచ్చు, తోచలేదు. "నీళ్ళే మావయ్యా" అన్నాను. అత్తగారు ఆ రోజు మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. అదే ఆయనకి ఎక్కువ తగిలిందనుకుంటాను.

మా ఆయన ఈ కథలో పెద్దగా కనిపించడు. ఆయన ఏ కథలోనూ పెద్దగా కనిపించడు, పొలంలో ఉంటాడు. మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకి వెళ్ళే పని మామగారిదే. ఆ ఏడాది కాయ అమ్మడానికి వెళ్ళేటప్పుడు ఆయన ఒక సోడా సీసా కడిగి, దాన్నిండా బోరు నీళ్ళు పట్టి, బిరడా బిగించి చేతిసంచిలో పెట్టుకున్నాడు. యార్డులో పని అయ్యాక వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటూ ఒక రంగుచేపల కొట్టుకి వెళ్ళాడట. ఆ కొట్టు భాయ్ చేపలు చూపించబోతే, "చేపలు తర్వాత చూద్దాంలే. ముందు ఈ నీళ్ళు చూడు. ఇందులో బతికేది ఏదుంటే అది ఇవ్వు" అని సీసా ఇచ్చాడట. ఆయన లెక్క ఆయనది. నల్లరేగడిలో పత్తి వేస్తాం, ఎర్రచెక్కలో కంది వేస్తాం, నేలని బట్టి విత్తనం తెచ్చుకుంటాం గానీ విత్తనాన్ని బట్టి నేలని మార్చలేం కదా. నీళ్ళయినా అంతేనని ఆయన ఉద్దేశం. భాయ్ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి, "ఇదేంది పెద్దాయనా, సముద్రంలో ముంచుకొచ్చావా?" అన్నాడట. తర్వాత కాసేపు ఆలోచించి, మూల తొట్టిలో పాలిపోయి ఉన్న పసుపు చేపల్ని చూపించి, "ఇవి ఆఫ్రికావి. రాళ్ళ మధ్యన, ఇట్టాంటి సున్నపు నీళ్ళల్లోనే పుడతాయంట. నా దగ్గర సరిగా ఉండట్లా. తీసుకుపోయి చూడు" అన్నాడట. ఈ సంభాషణ మామగారు నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ అందులో భాయ్ మొహం ఇంకాస్త ఎక్కువ చిట్లేది.

ఖాళీ గోతాలతో పాటు ఆ చేపలు లారీలో మా ఇంటికి చేరాయి. వాటికి రాళ్ళు కావాలన్నారని మామగారు మార్కాపురం వైపు నుంచి వస్తున్న ఎవరినో పట్టుకుని పలకరాయి ముక్కలు తెప్పించాడు. నేను వాటిని ఒకదాని మీద ఒకటి వాల్చి గూళ్ళలా కట్టాను. ఇంట్లో కొత్త చట్టం ఒకటి వచ్చింది: మిరపకాయల తొడిమలు తీసిన చేతులతో ఎవరూ తొట్టి ముట్టుకోకూడదు. వాకిట్లో కాయ ఎండబోసిన రోజున ఆ ఘాటు తగలకుండా తొట్టి ఉన్న గది తలుపులు మూసి, తొట్టిలోకి బయటి గాలి ఊదే చిన్నమోటారుని కూడా ఆపి, మామగారు తుమ్ముతూ తలుపు దగ్గర కాపలా కూర్చునేవాడు. చేపలు చావలేదు. చావకపోగా, కొన్నాళ్ళకి ముదురు పసుపు తేలి, నిమ్మపళ్ళలా నిగనిగలాడాయి. ఒకదాన్నొకటి తరుముకుంటూ, గూళ్ళ కోసం కొట్టుకుంటూ తొట్టి అంతా తమదే అన్నట్టు తిరిగేవి. మామగారు పొలం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ముందు అక్కడికే వెళ్ళేవాడు. పప్పు ఉడకలేదని అత్తగారు అంటే ఆయన తొట్టి వైపు చూసేవాడు, అంతే.

అలా ఉండగా వాటిలో ఒక ఆడచేప మేత మానేసింది. పలకరాయి కింద మూలకి చేరి కదిలేది కాదు. దవడ కింద వాచి, గొంతు సంచిలా వేలాడుతోంది. ఏదో నములుతున్నట్టు నోరు ఆడించేది గానీ, మేత వేస్తే మొహం తిప్పుకునేది. నాకు ఏంజెల్ చేపల సంగతే తెలుసు. అవి ఆకు మీద వరసగా గుడ్లు పెట్టి కాపలా కాస్తాయి. నేను పలకరాళ్ళన్నీ వెతికాను, ఎక్కడా గుడ్లు లేవు. కాబట్టి ఇది జబ్బే అన్నాను. అత్తగారు వంగి, కళ్ళు చికిలించి చూసి, తేల్చి చెప్పేసింది: "గవదబిళ్ళలు."

గవదబిళ్ళలు వస్తే మా వైపు పిల్లల మెడలో బంగారు గొలుసు వేస్తారు, వాపు దిగుతుందని. అత్తగారు తన మెడలో గొలుసు తీసింది. "అత్తయ్యా, చేపకి మెడేదీ?" అన్నాను. "వాపెక్కడుందే? అదే మెడ" అంది. తొట్టి మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టి, దానికి దారం కట్టి, గొలుసుని ఆ మూలకి, సరిగ్గా చేపకి ఎదురుగా వేలాడదీసింది. మగచేప వచ్చి దాన్ని రెండుసార్లు కొరికి చూసి వెళ్ళిపోయింది. ఆడచేప అసలు పట్టించుకోలేదు. రోజురోజుకీ దాని ఒళ్ళు చిక్కుతోంది, గొంతు మాత్రం దిగలేదు. గుంటూరు వెళ్ళి కొట్టు భాయ్‌ని అడగమంటే మామగారు ఒప్పుకోలేదు. ఆ సీసా పట్టుకుని అంత ధీమాగా వెళ్ళిన మనిషి, మళ్ళీ వెళ్ళి చచ్చిపోతోందని ఎలా చెబుతాడు?

ఒక పొద్దున ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, "ఇది కూడా పోయిందంటే మోటారు పీకించి బోరు మీద బండేయిస్తా. జీవం నిలవని నీళ్ళు ఇంట్లో ఎందుకు?" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది, చేయగలడనిపించింది. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా వచ్చింది.

"ఏందయ్యా, బండేయిస్తావా? దిగుడుబావి మెట్ల మీద బిందెతో సహా పడి, నడుం పట్టేసి మంచం దిగలేకపోయింది ఎవరు? నేనే గదా! ఆ ఎండల్లోనే గదా నువ్వు బోరేయించింది! ఎవరికోసం వేయించావో నాకు తెలవదనుకున్నావా?"

మామగారు తెల్లబోయి చూశాడు. "మరి ఇన్నేళ్ళ నుంచీ తిడుతూనే ఉంటివి గదే."

"పప్పు ఉడక్కపోతే ఉడకలేదనే అంటారు. నా బోరు, నా నోరు. మోటారు మీద చెయ్యేసి చూడు, చెబుతా" అని గరిటె ఊపి వెళ్ళిపోయింది. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో విన్న పెద్ద ప్రేమ మాట అదే. దాన్ని మా అత్తగారు తప్ప ఇంకెవరూ గరిటె పట్టుకుని అనలేరు.

మరి కొన్నాళ్ళకి, వాకిట్లో కూలీలతో పాటు కూర్చుని తొడిమలు తీస్తున్నాను. లోపల్నుంచి అత్తగారు కేక పెట్టింది: "అమ్మాయ్! కక్కుతోందే!" చేతులు కడుక్కుని పరిగెత్తాను, చట్టం చట్టమే. ఆడచేప గూట్లోంచి బయటికి వచ్చి నోరు బారెడు తెరిచింది. నోట్లోంచి ఆవగింజకి కళ్ళూ తోకా పెట్టినట్టున్న పిల్లలు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. మగచేప అటు కదిలేసరికి తల్లి మళ్ళీ నోరు తెరిచింది, పిల్లలన్నీ బిలబిలమంటూ లోపలికి దూరిపోయాయి. "అమ్మో, మింగేసింది! కన్నపిల్లల్ని మింగేసింది!" అని అత్తగారు గుండె మీద చెయ్యేసుకుంది. కాసేపటికి అవి మళ్ళీ బయటికి వచ్చాయి. అప్పటికి నాకు వెలిగింది. గుడ్లు రాయి మీద ఎందుకుంటాయి? ఇన్నాళ్ళూ దాని నోట్లోనే ఉన్నాయి. అవి పొదిగి పిల్లలై ఈదేదాకా అది తిండి మానుకుని, నోరు మూసుకుని ఉంది. మేము దాన్ని జబ్బుమనిషిని చేసి మెడలో గొలుసు వేశాం.

మామగారు వచ్చి నేల మీద చతికిలబడి చూశాడు. అత్తగారు తొట్టిలోంచి గొలుసు తీసి, చీర చెంగుతో తుడిచి, మెడలో వేసుకుంది. ఆయన వైపు చూడకుండానే, "నీళ్ళు పడ్డాయయ్యా" అంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి మోటారు వేసుకుని, చాలాసేపు మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు. తిరిగొచ్చి ఎండ మండిపోతోందన్నాడు. ఎండ నిజంగానే ఉంది. కళ్ళు ఎర్రబడింది మాత్రం ఎండకి కాదు.

వాపు దిగింది గొలుసు వల్లేనని అత్తగారు, పిల్లలు పుట్టింది నీళ్ళ వల్లేనని మామగారు బతికున్నంతకాలం వాదించుకున్నారు. బాలింత కదా, వెల్లుల్లి కారం కొంచెం పెడదామని అత్తగారంటే నేను అడ్డుపడ్డాను. పిల్లల్ని పాత కుడితి గోలెం తోమి, బోరు నీళ్ళు నింపి అందులో పెంచాం. గేదెలు తాగిన గోలెంలో ఆఫ్రికా చేపలు పెరిగాయి. ఆ తర్వాత నాకు పని తెలిసింది. గొంతు నిండిన ఆడదాన్ని చూసి విడిగా తీయడం, పిల్లలు వదిలాక కొన్నాళ్ళు మేపి, ఒళ్ళు పట్టాకే తిరిగి గుంపులో కలపడం. మామగారు కాయతో గుంటూరు వెళ్ళినప్పుడల్లా పిల్లల కవర్లు పట్టుకెళ్ళి భాయ్‌కి ఇచ్చి, మేత తెచ్చేవాడు. "ఆ నీళ్ళే గదా" అని భాయ్‌తో ప్రతిసారీ అనేవాడట.

తర్వాత ఊళ్ళోకి సాగర్ నీళ్ళ కుళాయిలు వచ్చాయి, పప్పు ఉడికింది. చుట్టూ అందరూ ఇంకా లోతుగా బోర్లు వేశారు, మాది మెల్లగా సన్నగిల్లింది. అది చూడకుండానే మామగారు వెళ్ళిపోయాడు. అత్తగారు చూసింది. మోటారు ఉత్త గాలి కక్కిన రోజున పెరట్లో నిలబడి, "సరేలే" అంది. ఇప్పుడు మేము గుంటూరులో ఉంటున్నాం. ఇక్కడ సబ్బు నురగొస్తుంది, కుక్కరు రెండు కూతలకే పప్పు మెత్తబడుతుంది, చేపలు మాత్రం పాలిపోయాయి.

అందుకని ఆ రోజు ఆ జంట వెళ్ళాక నేనూ ఒక డబ్బా కొన్నాను. ఇంటికొచ్చి ఆ పొడి చెంబెడు నీళ్ళలో కలిపి, తొట్టిలో పోయబోయే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. మొహం దానంతటదే చిట్లింది. దాదాపు అదే రుచి. బోరులో నీళ్ళు పడటానికి ఒక్క పగలు సరిపోయిందట. అత్తగారికి అవి పడటానికి సగం కాపురం పట్టింది. నాకు ఎప్పుడు పడ్డాయో తెలియదు. తెలిసేసరికి ఆ బోరు ఎండిపోయి చాలా ఏళ్ళయింది.