రెండే, ఒక్కోదాంట్లో మూడు

జహాన్‌బఖ్ష్ ఉస్తాద్‌కి ఆరు అంటే ఆరు కాదు. రెండు, ఒక్కోదాంట్లో మూడు. షీరాజ్‌లో మా వీధిలో తొంబక్ డోలు వాయించే ఆ పెద్దాయన ఈ ముక్క మీద తగువు పడని మనిషి లేడు.

రొట్టెలవాడు ఆరు రొట్టెలు చుట్టి ఇస్తే విప్పించి, మూడేసి చొప్పున రెండు కట్టలు కట్టించేవాడు. ఒకసారి ఆయనకి జ్వరమొస్తే ఆరు నారింజలు పళ్లెంలో జతలుగా పేర్చి తీసుకెళ్లాను. మూలుగుతున్న మనిషి లేచి కూర్చున్నాడు.

"ఇవేంటి నాయనా?"

"నారింజలు ఉస్తాద్."

"మూడు జతలు పెట్టావు. ఈ లెక్కకి ఎవరైనా ఆడగలరా?"

"తినడానికి తెచ్చానండీ."

ఆయన వినిపించుకోలేదు. మూడు ఇటూ మూడు అటూ జరిపి, దుప్పటి మీద వేళ్లతో వాయించాడు. రెండు పెద్ద దెబ్బలు, ఒక్కోదాని కడుపులో మూడు చిన్నవి. అవే ఆరు, కానీ నా భుజం దానంతటదే ఊగింది.

రోజూ పొద్దున బడివేళకి గుమ్మంలో కూర్చుని అదే వాయించేవాడు. వేళాపాళా లేని మనిషని మా ఆవిడ తిట్టుకునేది.

కొన్నేళ్లకి పక్కింటి ఫరంగీస్ పెళ్లి కుదిరింది. చిన్నప్పటి జబ్బుతో ఆ పిల్ల ఎడమకాలు పొట్టిదైపోయింది. వాళ్ల ముంగిట్లోని నీళ్లతొట్టి మీద బల్లలు పరిచి వాయిద్యగాళ్లని కూర్చోబెట్టారు. పెళ్లికూతురు గది గుమ్మం నుంచి అక్కడిదాకా చప్పట్ల మధ్య నడిచి రావాలి. పెళ్లికొడుకు తరఫువాళ్ల కళ్లన్నీ ఆ కాలి మీదే.

ఉస్తాద్ వాయిస్తూనే ఉన్నాడు. చుట్టాలు మాత్రం హుషారుకొద్దీ ఒకటీ రెండూ అని సరిసమానంగా చప్పట్లు దంచారు. డోలు ఎవరికీ వినపడలేదు. చప్పట్లు పడ్డప్పుడల్లా ఫరంగీస్ అడుగు తప్పింది. నాలుగడుగులేసి ఆగిపోయి, లోపలే కూర్చుంటానని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

ఉస్తాద్ డోలు ఆపేశాడు.

"చేతులు దించండి. రెండే, ఒక్కోదాంట్లో మూడు. ఆ మూడింట్లో మొదటిదానికి కొట్టండి, రెండోదానికి ఊరుకోండి, మూడోదానికి కొట్టండి."

"ఇది పెళ్లా, బడా?" అంది పెళ్లికొడుకు మేనత్త.

"బడేనమ్మా. ముందు మీరు మొదలెట్టండి."

చప్పట్లు మారాయి. నిలకడగా ఒకటి, వెనకే పొట్టిది ఒకటి. ఫరంగీస్ తలెత్తింది. మంచి కాలు నిలబడినంతసేపూ తాళం ఆగింది, పొట్టికాలు ఆనగానే తాళమూ తొందరపడింది. ఇక అందులో కుంటడం ఎక్కడుందో వెతికినా దొరకలేదు. ఆ పిల్ల నడిచి రాలేదు, ఆడుతూ వచ్చింది. మేనత్త తనకి తెలియకుండానే ఊగుతోంది.

ఇంతమందిలో అంత ధైర్యం ఎలా వచ్చిందమ్మా అని తర్వాత అడిగాను.

"బడికెళ్లేటప్పుడు రోజూ ఉస్తాద్ బాబాయ్ గుమ్మంలో వాయించింది ఇదేగా. ఆ డోలు వినిపించినంత మేర పిల్లలు నన్ను వెక్కిరించేవాళ్లు కాదు, నాతోపాటు గెంతేవాళ్లు," అంది ఫరంగీస్.

నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన డోలు తుడుచుకుంటూ, "పిల్ల నడకలో తాళం ఉంది. నేను వెంట పోయానంతే," అన్నాడు.

మిఠాయిలు వచ్చాయి. భక్తిగా మూడు ఇటూ మూడు అటూ పేర్చి ఆయన ముందు పెట్టాను. ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని మెచ్చుకుని ఒకటి తీసి, నోటిదాకా తెచ్చి ఆగాడు. ఒకటి తింటే లెక్క చెడుతుందట. అందుకని రెండు విడతలుగా, మూడేసి చొప్పున, ఆరూ తినేశాడు.