మూడో మాట

ఒలింపియా పోటీల్లో చాటింపు వేసేది దమాగోరస్. తెల్లారగానే నది నీళ్ళు పుక్కిలించి, వేలితో ఇంత తేనె నాకి, ఇక పిలవాల్సిన పిలుపు తప్ప ఎవరు పలకరించినా పెదవి విప్పడు. గెలిచినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు: అతని బతుకంతా ఆ మూడు మాటలే. మూడో మాటకు ముందు గడ్డం పైకెత్తి ఒక్క గుక్క ఆగుతాడు. ఆ సందులో గెలిచినవాడి ఊరివాళ్ళు ఉండబట్టలేక తమ ఊరి పేరు తామే అరిచేస్తారు. వాళ్ళ కేకల మీదుగా తన గొంతు ఎత్తుతాడు. అలా ఎన్ని ఊళ్ళను పిలిచినా, కొండల్లో ఉన్న తన సొంతూరు అలేయాను పిలిచే రోజు మాత్రం రాలేదు.

ఈసారి పరుగులో అలేయా కుర్రాడు ఎఖెమస్ ముందొచ్చాడు. ఒంటి నూనెకు దుమ్మంతా అంటుకుని, రొప్పుతూ వచ్చి చెవిలో అన్నాడు: “మామా, మన ఊరు చెప్పకు. సిరక్యూస్ అను. ఆ నగరంవాళ్ళు డబ్బిస్తే వాళ్ళవాడిగా పేరు రాయించుకున్నా.”

దమాగోరస్ నోరు ఊరుకోలేదు. “ఒరేయ్, మీ నాన్న అదుగో, అక్కడే ఉన్నాడ్రా!”

“ఆయనకింకా చెప్పలేదు మామా.”

కానివ్వమన్నట్టు న్యాయనిర్ణేత కర్రతో నేల తట్టాడు. నోట్లో తేనె చేదెక్కింది. “ఎఖెమస్!” అని పిలిచాడు దమాగోరస్. “తెలెసన్ కొడుకు!” గడ్డం పైకెత్తాడు. కొండవాలు మీద అతని ఊరివాళ్ళంతా లేచి, “అలేయా! అలేయా!” అని గొంతులు చించుకున్నారు. అందరికంటే పెద్ద గొంతు తెలెసన్‌దే. దమాగోరస్ ఊపిరి బిగబట్టి, డొక్కలు నొప్పి పుట్టేదాకా వాళ్ళని అరవనిచ్చాడు. ఆ తర్వాత, ఎప్పటిలాగే జీర లేని గొంతుతో, “సిరక్యూస్!” అన్నాడు.