సాంచ మీద నల్ల గీత

ఆ రోజుల్లో ఎవరడిగినా ఏడో తరగతి దాకా చదివానని చెప్పేవాణ్ణి. అబద్ధమేం కాదు, ఏడో తరగతి గడప దాకా నిజంగానే వెళ్లాను; లోపల లెక్కల సారు కనబడేసరికి వెనక్కి తిరిగాను, అంతే. అలా తిరిగి తిరిగి సిరిసిల్లలో ఒక సేటు దగ్గర సాంచ (మరమగ్గాన్ని మేం అలాగే అంటాం) నడిపే పనిలో తేలాను. "దసరా దాకా గీ పని నిలబెట్టుకో, పిల్లనిస్త" అన్నాడు మేనమామ. సేటేమో "ఇంకొక్క గుడ్డ తాను ఖరాబైతే నీ తొవ్వ నువ్వు చూస్కో" అన్నాడు. అలా నా పెళ్లి తెల్లగుడ్డకు ముడిపడింది.

మామ కొడుకు, మా బుక్కుల బావ, కరీంనగర్‌లో తత్వశాస్త్రం చదివేవాడు. ఒక పొద్దున వాళ్లింట్లో చాయ తాగుతూ ఎనకటి గ్రీసు దేశపు ముచ్చట అందుకున్నాడు. గుహలో కొందరిని పుట్టినప్పటి నుంచీ గోడకేసి మొహం తిప్పి కట్టేశారట. వెనక మంట. దాని ముందు ఎవరో బొమ్మలు పట్టుకుని నడుస్తుంటే గోడ మీద నీడలు. ఆ నీడలే లోకమనుకుంటారట వాళ్లు. "కనవడేదొకటి, ఉన్నదొకటిరా. మనం గూడ గట్లనే ఉన్నం" అన్నాడు. "నీడకూ నిజానికీ ఫరక్ తెల్వనోళ్లు గా దేశంల ఉంటరేమో బావా, మా సాంచల కాడ ఉండరు" అన్నాను. లోపలి నుంచి మరదలి నవ్వు వినబడింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ రోజే, పొద్దు వాలేవేళ, తెల్లగుడ్డ నడుమ నల్లగా ఒక గీత. గుడ్డ ముందుకు జరిగినా గీత వదలదు. కొత్తగా నేసిన ప్రతి జానెడు గుడ్డ మీదా ఉంది. సాంచ ఆపాను. గోటితో గీకాను, ఉమ్ముతో తుడిచాను. వంగి చూస్తే పోతుంది, లేస్తే వస్తుంది. (దయ్యమేమోనని కొండగట్టు గుడికి నడిచి వస్తానని మొక్కుకున్నాను కూడా.) చివరికి నేనే వెళ్లి సేటు ముందు నిలబడ్డాను. "తాను ఖరాబైంది సేటూ" అంటుంటే, నా కళ్ల ముందు మరదలి పెళ్లి ఇంకెవరితోనో జరిగిపోతోంది.

సేటు వచ్చి సాంచ మీదికి వంగాడు. గీత లేచి ఆయన బట్టతల మీద కూర్చుంది. నేను నోరు తెరిచాను. ఆయన తల తడుముకుని, గుడ్డను వదిలేసి కిటికీ వైపు చూశాడు. కిటికీకి అడ్డంగా బిగించిన తాడు, దాని కొసన నా సద్ది సంచి. చీమలు పట్టకుండా పొద్దున నేనే కట్టాను.

"తాను మంచిగనే ఉన్నది. నీ దిమాకే ఖరాబైంది. జర గా సద్ది దించు!"

ఆ తలను ముద్దు పెట్టుకోలేదన్న మాటే గానీ, ప్రాణం లేచి వచ్చింది. పని నిలిచింది, దసరా దాటింది, పెళ్లయింది. ఇప్పుడు నా తల మీదా గీత కూర్చునేంత జాగా ఉంది. ఆనాటి ఆ పిలగాడు గుర్తొస్తే, ఉమ్ముతో నీడను తుడిచిన ఆ వేలిని చూసుకుని నవ్వుకుంటాను. మొన్న చుట్టాల ముందు "గ్రీసోళ్ల సదువు నాకు బడికి పోకుండనే వచ్చింది" అని గొప్పలు పోతుంటే, చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది:

"గుహలోళ్లకు ఎనుక నుంచి ఎవడో నీడలు చూపిచ్చిండు బావా. నువ్వైతే తాడూ నువ్వే కట్టినవ్, మొక్కూ నువ్వే మొక్కినవ్."